మా అత్త మూడున్నర వేళ్లు

ఇది మనిషికీ అగ్నికీ మధ్య జరిగిన మహాసంగ్రామ గాథ. ఇందులో ఒక సింహాసనం ఉంది, దాని కోసం ఇద్దరు తోడికోడళ్ల పోరు ఉంది. రాజధానికి ప్రయాణం ఉంది, విద్యుత్తుతో పరీక్ష ఉంది, బలికి తెచ్చిన ఒక ప్రాణి ఉంది. అన్నిటికీ మించి, కంటికి కనపడని దారుల్లో మెరుపులా పరుగెత్తే వార్తాహరులున్నారు.

అంత లేదు లెండి. మా మేనత్త కుడిచేతికి తిమ్మిరెక్కింది. సింహాసనం అన్నది బోర్లించిన మట్టికుండ. రాజధాని రాజమండ్రి, అదీ బస్సులో నిలబడి వెళ్లాం. బలికి తెచ్చిన ప్రాణి పావురం, అది మా అందరికంటే సుఖంగా బతికింది. వార్తాహరుల సంగతి మాత్రం నిజమే. కాని వాళ్లు చేసేది పరుగు కూడా కాదు, ఉన్నచోటే లేచి కూర్చోవడం. ఆ సంగతి వస్తుంది.

నేనప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, జువాలజీ. మా ఊరు పాలకొల్లుకి అవతల. అక్కడి నుంచి రాజమండ్రి కాలేజీకి రోజూ వెళ్లిరావడం కుదిరే పని కాదని నన్ను ఆత్రేయపురం పక్క ఊళ్లో ఉన్న అత్త ఇంట్లో పెట్టారు. అక్కడి నుంచీ రాజమండ్రి దగ్గరేం కాదు. కాని బ్యారేజీ మీదుగా బస్సుంది, ఆ బస్సులో మావయ్య ఉన్నారు. మావయ్య ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా. నేను ఎవరి పక్కన కూర్చున్నానో, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టానో లేదో అన్నీ చూసి ధవళేశ్వరంలో దిగిపోయేవారు. ఆ తరవాత రాజమండ్రి దాకా చెయ్యి బయట పెట్టుకుని వెళ్లేదాన్ని.

అత్త ఇంటి పెరట్లో పూతరేకుల పాక ఉండేది. పూతరేకు తినని మనుషులుంటారంటే అత్త నమ్మదు, ఉన్నా లెక్కలోకి తీసుకోదు. చేసే పద్ధతి మాత్రం చాలామంది చూసి ఉండరు. నున్నటి అడుగున్న పెద్ద కుండని బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకు మంట పెడతారు. బియ్యప్పిండిని పాలంత పల్చగా కలిపి, అందులో పల్చటి గుడ్డ ముంచి, కొసలు రెండు చేతులా పట్టుకుని కుండ వీపు మీదుగా ఒక్క లాగు లాగుతారు. గుడ్డ అటు వెళ్లేసరికి ఇటు కుండ మీద తెల్లటి పొర. దాని అంచుని వేలికొసలతో లేపి తీసేస్తే అదే రేకు. తన రేకుని అడ్డం పెట్టుకుని పేపరు చదవొచ్చని అత్త అనేది. నేను చదివి చూశాను. హెడ్డింగులు మాత్రమే కనపడ్డాయి, అవి కూడా నాకు ముందే తెలుసు.

పాకలో పనులు రెండు రకాలు. పూత, మడత. పూత మంట దగ్గర, అది అత్తది. మడత ఫ్యాను కింద, అది అత్త తోడికోడలిది. ఆవిడని నేను చిన్నత్త అనేదాన్ని. రేకుకి తడిగుడ్డ అద్ది, నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి, మణికట్టు లోపలికి వంచి వేళ్లతో అదుముతూ చుట్టుకుంటూ పోవడం మడత పని. చూడ్డానికి పూత వీరుల పని, మడత విశ్రాంతి.

ఆ పాకలో ఒక ఆచారం ఉంది. ప్రతి ఏడూ పెళ్లిళ్ల కాలం ముందు కొత్త కుండ వస్తుంది. దానికి నూనె పట్టించి, కాల్చి, పదును చేసిన రోజున మొదటి రేకు ఎవరు లాగితే ఆ కుండ ఆ ఏడంతా వాళ్లది. కుండకి ఒక చెయ్యే అలవాటు చెయ్యాలని, చెయ్యి మారితే రేకు అంటుకుపోతుందని వాళ్ల నమ్మకం. అత్త కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారి చేతి నుంచి తీసుకున్న ఆ హక్కు మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఊళ్లో ఆవిణ్ని ఎవరూ ఫలానా వారి భార్య అనరు. మావయ్యనే ‘రేకులావిడ గారి ఆయన’ అంటారు. మావయ్యకి అది గర్వం. ఆఫీసులో కూడా అలాగే పరిచయం చేసుకునేవారు.

వర్షాలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఆదివారం పాకలో కూర్చుని చదువుకుంటూ చూశాను.

“అత్తా, వేలు కాలింది.”

“ఎవరి వేలే?”

“నీదే.”

చూసుకుంది. చూపుడు వేలి కొసన శనగగింజంత బొబ్బ. “ఎప్పుడు కాలిందీ?” అని నన్నే అడిగింది.

కూపీ లాగితే అప్పుడు బయటపడింది. కొన్నాళ్లుగా కుడిచెయ్యి తిమ్మిరెక్కుతోంది. పొద్దున లేస్తూనే థర్మామీటరు విదిలించినట్టు విదిలిస్తే గానీ ప్రాణం రావడం లేదు. గుడ్డ పట్టుకున్నా పట్టుకున్నట్టుండటం లేదు. అత్త ఎవరికీ చెప్పలేదు. కారణం అడిగితే, “కొత్త కుండ రావాల్సిన టైములో ఎవరన్నా చెప్పుకుంటారేంటే?” అంది, తోడికోడలి వైపు చూడకుండా చూస్తూ.

మావయ్య ఆఫీసు నుంచి వచ్చి బొబ్బ చూశారు, తిమ్మిరి సంగతి విన్నారు, అరుగు మీద కూలబడ్డారు.

“పక్షవాతం. అయిపోయింది. మా అమ్మకీ ఇలాగే మొదలైంది.”

“అత్తయ్య గారు చెరువుగట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారండి,” అంది అత్త.

“అదే, మొదలు ఇలాగే.”

మర్నాటికి పాక ముందు పంచాయితీ కూడింది. రేకులు చేసే ఊళ్లో నరం పట్టేస్తే నేరం ఎవరిది? నిప్పుదే. ఇన్నేళ్లు మంట ముందు కూర్చుంది, వేడి చేతిలోకి ఎక్కింది, నరాలు ఉడికిపోయాయి. సాక్ష్యం? బొబ్బ. అందరూ బొబ్బని చూసి తలాడించారు. బొబ్బ వల్ల తిమ్మిరి రాలేదని, తిమ్మిరి వల్లే బొబ్బ వచ్చిందని, కాలినా తెలియలేదు కాబట్టే కాలిందని ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు. నేను నరాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని మరీ తలాడించాను.

తీర్పు వెంటనే అమలైంది. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, గడ్డపెరుగు, అరికాళ్లకి ఆముదం. అత్తని మంట దగ్గర నుంచి లేపి, చల్లగా ఉంటుందని ఫ్యాను కింద మడతకి కూర్చోబెట్టారు. చిన్నత్త వెళ్లి కుండ ముందు కూర్చుంది. కూర్చునే ముందు పీట తుడుచుకుంది. ఆ తుడవడం అత్త చాలా రోజులు మర్చిపోలేదు.

“నా పీట ఏం మురికిగా ఉందేంటి, తుడుచుకుంటోంది?”

“పిండి పడింది, తుడిచింది అత్తా.”

“నువ్వు దాని పక్షమే.”

విశ్రాంతిగా మడతలు పెడుతున్నకొద్దీ అత్త చెయ్యి ఇంకా మొద్దుబారింది. కాఫీ గ్లాసు జారింది. జాకెట్టు హుక్కు పెట్టుకోవడానికి నన్ను పిలిచింది. వేడి లోపలిదాకా వెళ్లిపోయిందని, ఇంకా చల్లబరచాలని ఊరు తేల్చింది. గడ్డపెరుగు పెరిగింది.

మావయ్య ఒక సాయంత్రం గుడ్డసంచితో వచ్చారు. సంచి కదులుతోంది.

“పావురం,” అన్నారు గుట్టుగా, ఆఫీసు ఫైలు చూపించినట్టు. “దీని రక్తం రాసి మర్దనా చేస్తే పడిపోయిన చెయ్యి లేస్తుందట. మా సూపరింటెండెంటు గారి బావమరిదికి లేచింది.”

“కొయ్యడం ఎవరు కోస్తారండి?”

మావయ్య ఈ కోణంలో ఆలోచించలేదు. ఆయన కోడిని కోసే రోజున కూడా పొలం చూసుకు రావడానికి వెళ్లిపోయే మనిషి. ఆయనకి పొలం లేదు. పావురం సంచిలోంచి తల బయటికి పెట్టి అందరినీ ఒకసారి చూసి, కింద పడిన బియ్యప్పిండి తినడం మొదలుపెట్టింది. “పాపం ఆకలేసినట్టుందండి,” అంది అత్త. వైద్యం అక్కడితో ముగిసింది. అప్పటి నుంచి చిరిగిన రేకులన్నీ దానికే.

మా కాలేజీలో అప్పుడే నాడీమండలం పాఠం నడుస్తోంది. నాకు పైకి చదివితే గానీ ఎక్కదు. అత్తకి మడత దగ్గర పొద్దు పోదు. కాబట్టి పాఠం ఇద్దరం చదివాం.

“నరంలో ఏం పారుతుందే? కరెంటా?”

“తీగలో పారినట్టు పారదత్తా. నరం గోడ పొడుగునా చిన్న చిన్న తలుపులుంటాయి. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ.”

“సోడియం అంటే?”

“ఉప్పులో ఉంటుంది. ఒక చోట తలుపు తెరుచుకుంటే సోడియం లోపలికి తోసుకొస్తుంది. ఆ గడబిడకి పక్క తలుపు తెరుచుకుంటుంది. దాని గడబిడకి దాని పక్కది. మన బస్సు స్టాండులోకి తిరగ్గానే ముందు సీటాయన లేస్తాడా, ఆయన్ని చూసి వెనకాయన, ఆయన్ని చూసి ఆ వెనకావిడ. స్టాండొచ్చిందన్న వార్త చివరి సీటు దాకా వెళ్లిపోయింది. మనిషి మాత్రం ఎవరూ కదల్లేదు, ఉన్న చోటే లేచారు.”

“మళ్లీ కూర్చోరూ?”

“కూర్చుంటారు. పొటాషియం బయటికి పోతే మామూలవుతుంది. కూర్చున్నవాడు కాస్త ఊపిరి తీసుకుంటే గానీ మళ్లీ లేవలేడు. అందుకే వార్త వెనక్కి తిరిగి రాదు.”

“మరి కొంచెం కాలితే కొంచెం లేస్తారా?”

ఈ ప్రశ్న మా లెక్చరరు గారిని క్లాసులో ఎవరూ అడగలేదు. జవాబు పుస్తకంలో ఉంది గనక బతికిపోయాను. సగం లేవడం ఉండదు. లేస్తే పూర్తిగా లేవాలి, లేదా కూర్చోవాలి. ఎక్కువ కాలిందని చెప్పాలంటే నరం గట్టిగా అరవదు, అదే మాటని గబగబా ఎక్కువసార్లు చెబుతుంది.

“మీ మావయ్యలాగ,” అంది అత్త.

అన్నిటికంటే ఆవిడకి నచ్చింది నరం మీది తొడుగు. కొన్ని నరాల చుట్టూ సన్నటి కొవ్వు పొర ఒకదాని మీద ఒకటి చుట్టలు చుట్టుకుని ఉంటుంది, దానివల్లే వార్త చుట్టకీ చుట్టకీ మధ్య ఖాళీల మీద గెంతుకుంటూ వేగంగా వెళుతుంది అన్నాను. అత్త చేతిలో నెయ్యి రాసిన రేకు ఉంది. సగం చుట్టి ఆపింది.

“పల్చటి పొర. కొవ్వు. చుట్టలు. పూతరేకు కదే ఇది!”

కాదని చెప్పడానికి నా దగ్గర కారణం ఏమీ కనపడలేదు. ఒంట్లో ఉన్న పూతరేకులన్నీ తనవే అయినట్టు ఆవిడ ఆ పూట చాలా గర్వంగా ఉంది. కాసేపటికి మొహం మారింది. “అంటే నా చేతిలో రేకుల్ని ఎవరో నొక్కి పాడుచేశారన్నమాట,” అంటూ కుండ వైపు చూసింది. కుండ ముందు చిన్నత్త, పాపం, పిండి కలుపుతోంది.

గొడవంతా అసంకల్పిత ప్రతీకార చర్య దగ్గర వచ్చింది. వేడి తగిలితే వార్త వెన్నుపాముకి వెళుతుంది, అక్కడ ఒక నరం కొస నుంచి రసాయనం చిన్న సందు దాటి రెండో నరానికి అందుతుంది, చెయ్యి వెనక్కొచ్చేస్తుంది, మెదడుకి తెలిసేది ఆ తరవాతే అని చదువుతున్నాను. మావయ్య చొక్కా విప్పుతూ ఆగారు.

“పైవాళ్లకి తెలియకుండానే?”

“అవునండి మావయ్యా.”

“ఎవరి ఆర్డరు మీద తీసిందే చెయ్యి?”

“కింది స్థాయిలోనే నిర్ణయం. పైకి కాపీ పంపుతారు.”

“అదెలా కుదురుతుంది? కాలవ లాకు షట్టరు ఎత్తాలంటే మా ఆఫీసులో ఎన్ని సంతకాలు కావాలో తెలుసా నీకు? చెయ్యి ఎత్తడానికి ఒక్క సంతకం లేదా?”

“మరి అత్త ఇన్నేళ్లు వేడికుండ ముట్టుకున్నా చెయ్యి తీయలేదు కదండీ. ‘ఉంచు, నేను చూసుకుంటాను’ అని మెదడు కిందికి ముందే ఆర్డరు పంపుతుంది. అప్పుడు వెన్నుపాము చెయ్యి లాగదు.”

“ఆ,” అన్నారు మావయ్య. ఆయన మనసు కుదుటపడింది. “అదీ పద్ధతి.”

కొత్త కుండ రోజు దగ్గరపడుతోంది. అత్త పైకి ఏమీ అనేది కాదు గాని, టీవీ ముందు కూర్చున్నప్పుడు ఆవిడ చేతులు రెండూ వాటంతటవే లేచి, లేని గుడ్డని లేని కుండ మీదుగా లాగేవి. ఆవిడకి తెలిసేది కాదు. నేను గమనించానని తెలిసి చేతులు ఒళ్లో పెట్టుకుంది. “దోమ,” అంది. మర్నాడు బస్సులో నేనే మావయ్యతో అన్నాను, పెరుగుతో అయ్యే పనిలా లేదు, నరాల డాక్టరు గారికి చూపిద్దామని. మావయ్య ధవళేశ్వరంలో దిగుతూ, “శనివారం సెలవు పెడతాను,” అన్నారు. మావయ్య సెలవు పెడుతున్నారంటే సంగతి ఎంతదాకా వెళ్లిందో నాకప్పుడు తెలిసింది.

రాజమండ్రిలో నరాల ఆసుపత్రికి మేం ముగ్గురం వెళ్లాం. డాక్టరు గారు నడివయసు ఆవిడ, ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అత్త చేతిని బల్ల మీద పెట్టమని, కళ్లు మూసుకోమని, దూది పోగుతో ఒక్కో వేలూ తాకుతూ పోయారు.

“ఇక్కడ తెలుస్తోందా?”

“లేదండి.” బొటనవేలు.

“ఇక్కడ?”

“మొద్దుగా ఉందండి.” చూపుడు వేలు, మధ్యవేలు.

చిటికెన వేలికి మాత్రం, “తెలుస్తోందండి, చక్కిలిగింతలండి.” ఉంగరం వేలి దగ్గర డాక్టరు గారు ఆగి, దూదిని ముందు మధ్యవేలి వైపు అంచుకి, తరవాత చిటికెన వేలి వైపు అంచుకి తాకించారు. మొదటిదానికి అత్త పలకలేదు. రెండోదానికి చెయ్యి లాక్కుంది.

“మూడున్నర,” అన్నారు డాక్టరు గారు.

“ఆయ్?” అన్నారు మావయ్య.

“మూడున్నర వేళ్లకే తిమ్మిరి. పక్షవాతం అంటే మెదడులో దెబ్బండి. మెదడు ఉంగరం వేలిని నిలువునా సగానికి కొయ్యదు. ఒకే నరం మణికట్టు దగ్గర నుంచి ఈ మూడున్నర వేళ్లకీ వెళుతుంది. మిగతా ఒకటిన్నర ఇంకో నరానిది. అయినా పరీక్ష చేద్దాం. కొంచెం కరెంటు పెడతారు.”

మావయ్య లేచి నిలబడ్డారు. “కరెంటా? మా ఆవిడకి మతి బాగానే ఉందండి. కావాలంటే ఎక్కాలు అడగండి.”

“మతికి కాదండి, మణికట్టుకి.”

పక్క గదిలో అత్త బొటనవేలి మొదట్లో ఒక బిళ్ల అంటించారు. మోచేతి దగ్గర ఒకసారి, మణికట్టు దగ్గర ఒకసారి చిన్న షాకు ఇచ్చారు. అత్త ప్రమేయం లేకుండా ఆవిడ బొటనవేలు టక్కున ఎగిరింది. “నేను కాదు!” అంది అత్త కంగారుగా, క్లాసులో పట్టుబడిన పిల్లలా. తెర మీద ఒక గీత కొండలా లేచి దిగింది. నేను కొన్నాళ్లుగా పుస్తకంలో గీస్తున్న బొమ్మ, మా అత్త చేతిలోంచి పుట్టింది. నాకు ఒళ్లు గగుర్పొడిచిందని రాయాలనే ఉంది. నిజానికి ఆ గదిలో ఏసీ ఎక్కువ.

చిటికెన వేలి నరానికీ అలాగే చేశారు. అది షాకు తగలగానే పలికింది. అటు మూడున్నర వేళ్ల వార్త మణికట్టు దాటేటప్పుడు ఆలస్యం చేసి, ఆనక వచ్చింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా దర్జాగా వచ్చి, అక్కడ ఆగిపోయి, తొక్కిసలాటలోంచి బయటపడ్డట్టు వచ్చింది.

డాక్టరు గారు కాగితం మీద బొమ్మ వేసి చెప్పారు. మణికట్టులో ఎముకల మధ్య ఒక ఇరుకు సందు ఉంది, పైన గట్టి పట్టీ. వేళ్లని వంచే తాళ్లన్నీ, ఈ నరమూ ఆ సందులోంచే పోవాలి. మణికట్టు వంచి, వేళ్లు అదిమిపట్టి అదే పని చేస్తూ ఉంటే తాళ్లు వాచి నరాన్ని నొక్కుతాయి. పైనున్న తొడుగు నలుగుతుంది, వార్త నెమ్మదిస్తుంది. పడుకున్నప్పుడు చెయ్యి ముడుచుకుంటే ఇంకా నొక్కుకుంటుంది.

“రేకులు నలిగాయి,” అంది అత్త నాతో మెల్లిగా.

“ఏం పని చేస్తారండి?” అని అడిగారు డాక్టరు గారు.

“రేకులండి. మంట దగ్గరండి. వేడి నరాల్లోకి ఎక్కిందండి,” అని మావయ్య మూడూ ఒకే ఊపిరిలో చెప్పారు.

“చేసి చూపించండి.”

అత్త లేచి నిలబడి గాలిలో గుడ్డ లాగింది. భుజం నుంచి, మోచెయ్యి నుంచి, మణికట్టు తిన్నగా. మేం ముగ్గురం చూస్తూ ఉండిపోయాం, అంత బాగుంది. లేని రేకు అంచు లేపి, పక్కన పెట్టింది.

“ఇందులో మణికట్టుకి కష్టం తక్కువే,” అన్నారు డాక్టరు గారు. “ఇదేనా, ఇంకేమన్నా చేస్తారా?”

“ఊరికే కూర్చోలేక రాత్రి పూట మడతలు ఎప్పుడూ పెడుతూనే ఉంటానండి. ఇప్పుడు చెయ్యికి విశ్రాంతని పగలంతా మడతలేనండి.” అత్త మణికట్టు లోపలికి వంచి, వేళ్లతో అదుముతూ చుట్టి చూపించింది.

డాక్టరు గారు కలం కింద పెట్టారు. “అదే.”

అంటే ఊరు ఊరంతా కలిసి, నేరం చెయ్యని నిప్పుకి శిక్ష వేసి, అత్తని తీసుకెళ్లి నేరస్తుడి ఒళ్లో కూర్చోబెట్టాం. ఫ్యాను వేసి మరీ.

“మరి బార్లీ?” అన్నారు మావయ్య.

“తాగండి. దాహం తీరుతుంది.”

మడత మానెయ్యాలి. కొన్నాళ్లు కుండా వద్దు. పడుకునేటప్పుడు మణికట్టు తిన్నగా ఉంచే పట్టీ కట్టుకోవాలి. తొందరగా పట్టుకున్నాం కాబట్టి తొడుగు మళ్లీ అల్లుకోవచ్చు, తగ్గకపోతే చిన్న ఆపరేషను అన్నారు. “ఎప్పటికి తగ్గుతుందండి?” అని అత్త అడిగింది. కొత్త కుండ సంగతి డాక్టరు గారికి తెలియదు. “నరం నెమ్మదండి, తొందరపెట్టలేం,” అన్నారు.

గుమ్మం దాకా వచ్చి నేను వెనక్కి తిరిగి అడిగాను, టీవీ ముందు అత్త చేతులు గాలిలో ఎందుకు లాగుతాయని. మెదడులో ఒళ్లంతటికీ ఒక పటం ఉంటుందని, అందులో వీపుకి గోరంత చోటు, చేతికీ పెదాలకీ చాలా పెద్ద చోటు అని, ఏళ్ల తరబడి ఒకే పని చేస్తే ఆ పనిని వెనకనున్న చిన్నమెదడు కంఠతా పట్టేస్తుందని చెప్పారు. “వేళ్ల నుంచి వార్త రాకపోయినా అది సాధన మానదు,” అన్నారు. “నా చిన్నమెదడు నాకంటే నయం,” అంది అత్త బస్సులో.

మావయ్య మాత్రం పెదాల పటం దగ్గరే ఆగిపోయారు. తన పటంలో నోటికి ఎంత చోటు ఉంటుందని దారంతా అడిగారు. ధవళేశ్వరం కూడా మీ నోటికే రాసిచ్చి ఉంటారండి అన్నాను.

అత్త పట్టీ కట్టుకుంది. అది నీలంరంగు, అట్ట లాంటి బద్ద ఉన్న పట్టీ. ఊళ్లోవాళ్లు చెయ్యి విరిగిందనుకున్నారు. పక్షవాతం కాదని తెలిశాక కొందరు కాస్త నిరుత్సాహపడ్డారు కూడా. రోజులు గడిచేకొద్దీ పొద్దున్న విదిలించడం తగ్గింది. మధ్యవేలికి చీమలు పాకుతున్నట్టుందంటే డాక్టరు గారు మంచిదే అన్నారు. అయినా వేలికొసలకి స్పర్శ ఇంకా సరిగ్గా తెలియడం లేదు. ఇంతలో కుండ వచ్చేసింది.

కుండకి నూనె పట్టించిన రోజు పాకంతా నిండింది. చిన్నత్త కొబ్బరాకు ఎగదోసి, మంట సర్ది, పీట పక్కన నిలబడింది. కూర్చోలేదు. అత్త వచ్చి పీట మీద కూర్చుంది. తుడుచుకుని కూర్చుంది. ఆ తుడవడం ఎవరికి వినపడాలో వారికి వినపడింది.

“పట్టు ఉందా అక్కా చేతికి?” అంది చిన్నత్త.

“చూద్దువుగాని.”

గుడ్డ ముంచింది. లాగింది. కుండ వీపు మీద తెల్లటి పొర మంచులా పరుచుకుంది, ఎక్కడా చిల్లు లేదు. చిన్నమెదడు మాట నిలబెట్టుకుంది. అత్త వంగి అంచు లేపడానికి మూడు వేళ్లు ఆనించింది.

“అబ్బా!”

చెయ్యి వెనక్కొచ్చేసింది. రేకు సగానికి చిరిగి కుండ మీదే మాడిపోయింది. మావయ్య గోడ వైపు తిరిగి భుజాలు కుదుపుతున్నారు. పావురం చిరిగిన ముక్క కోసం అప్పటికే వచ్చేసింది.

అత్త తన వేళ్లకేసి చూసుకుంటూ ఉంది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది.

“కాలిందే! ఒసేయ్, కాలింది! ఇదీ కాలింది, ఇదీ కాలింది. ఈ సగం కూడా కాలిందే!” ఉంగరం వేలిని నా మొహం ముందు ఆడించింది. “ఏవండీ, ఏడవకండి, కాలిందండీ!”

మావయ్య తిరిగి చూశారు. “ఎవరి ఆర్డరు మీద తీశావు చెయ్యి?” అన్నారు కళ్లు తుడుచుకుంటూ. ఆయన జీవితంలో వేసిన మంచి జోకు అదొక్కటే. ఆయన దాన్ని జోకుగా అనలేదని తరవాత తెలిసింది.

కాని రేకు చిరిగింది. చిరిగిన రేకు మొదటి రేకు కిందికి వస్తుందా రాదా? ఆచారంలో దీని గురించి ఏమీ లేదు. అందరూ చిన్నత్త వైపు చూశారు. కుండ ఇప్పుడు ఆవిడ అడిగితే ఆవిడదే.

“లాగింది అక్కే కదా. చిరిగితే ఏం, లాగడం లాగడమే,” అంది చిన్నత్త. “నాకు ఈ మంట దగ్గర కూర్చోలేక ప్రాణం పోతోందండి బాబూ. నా ఫ్యాను నాకిచ్చెయ్యండి.”

ఇంత కాలం అత్త తన సింహాసనాన్ని కాజెయ్యడానికి చూస్తోందనుకున్న మనిషి ఎదురుచూసింది ఫ్యాను కోసం. అత్త కొంచెం చిన్నబోయింది కూడా. తన కుండని ఎవరూ కోరుకోలేదంటే ఆవిడకి నచ్చలేదు.

“మడతకి మణికట్టు వంచకు,” అంది తోడికోడలితో, రెండో గుడ్డ ముంచుతూ. “తిన్నగా పెట్టి చుట్టు. మధ్యమధ్యలో లేచి తిరుగు. లేకపోతే నీ రేకులు నలుగుతాయి.”

“నా రేకులా?”

“కూర్చో, చెబుతాను. నరం అంటే ఏంటనుకున్నావు, బస్సు అనుకో…”

రెండో రేకు చిరగలేదు. అప్పటికే మెదడు నుంచి కిందికి ఆర్డరు వెళ్లిపోయింది. అంచు లేపి, దీపం ముందు పెట్టి చూసి, పక్కన పెట్టింది.

ఆ నీలం పట్టీ ఇప్పటికీ మంచం కోడుకి వేలాడుతూనే ఉంటుంది, అత్త పడుకునేటప్పుడు కట్టుకుంటుంది. వెల్క్రోలో బియ్యప్పిండి ఇరుక్కుంటే అతుక్కోదు. పాత టూత్ బ్రష్షుతో గీకి శుభ్రం చేసుకోవాలి.